ఏడ్చినవాళ్లకు ఫీజు లేదు

“అంటే నన్ను దొంగనంటున్నావా అమ్మాయ్?”

“అయ్యో, దొంగలైతే తీసుకుంటారు అత్తయ్యా. మీరు తీసుకోకుండా వదిలేశారు. దాన్నేమనాలో నాకే తెలీడం లేదు.”

అత్తగారు కుర్చీలోంచి కదల్లేదు. ముందుగదిలో ఆ కుర్చీ, దాని ముందున్న బల్ల, బల్లకున్న సొరుగు, సొరుగు తాళంచెవి, నాలుగు నెలలుగా అదంతా ఆవిడ రాజ్యం. లోపలి గదిలో, కౌన్సెలరైన కోడలు గంటసేపు ఒకరి గోడు వింటుంది. బయట అత్తగారు వచ్చినవాళ్ల పేరు పుస్తకంలో రాసుకుంటుంది, మంచినీళ్లిస్తుంది, వాళ్లని లోపలికి పంపి వెనకాలే తలుపు మూస్తుంది, వెళ్లేటప్పుడు ఫీజు పుచ్చుకుంటుంది. పుచ్చుకుంటోందనే ఇంటిల్లిపాదీ అనుకున్నారు.

నిన్న సాయంత్రం ఒక టీచరమ్మకి కోడలు మొహమాటపడుతూనే ఫోన్ చేసింది. ఆరు సిట్టింగుల ఫీజు బాకీ ఉండిపోయింది, వీలు చూసుకుని ఇవ్వగలరా అని అడిగింది. అవతల ఆవిడ తెల్లబోయింది.

“అదేంటండీ! ఏడ్చినవాళ్లకు ఫీజు లేదని పెద్దావిడ చెప్పారుగా. ఎంత మంచి పద్ధతో అని మా స్కూల్లో అందరికీ చెప్పాను కూడా.”

అదిగో, అప్పటినుంచి కోడలికి నిద్ర లేదు. తెల్లవారి కాఫీలు కూడా కాకుండానే పుస్తకం తెచ్చి అత్తగారి ముందు పరిచింది.

“ఈ పేర్ల పక్కన సున్నాలు చుట్టారు. వచ్చి వెళ్లిన గుర్తేమో అనుకున్నాను ఇన్నాళ్లూ. ఇవన్నీ అవేనా?”

“అవే. కళ్లెర్రగా బయటికొస్తే సున్నా. మామూలుగా వస్తే ఫీజు.” అత్తగారు కళ్లజోడు సర్దుకుంది. “దాచిందేముంది? నీ ఎదురుగా, నీ పుస్తకంలోనే రాశాను.”

“పోయిన నెల నలభై రెండు సిట్టింగులు. అందులో ఇరవై ఆరు సున్నాలు!”

“నీ పని అంత బాగుంది మరి! వచ్చినవాళ్లు వచ్చినట్టే ఏడుస్తున్నారు. మొదటి నెల ఎనిమిదే.”

ఆ మాటలో వెటకారం వీసమెత్తు లేదు. నిజంగానే గొప్పగా అంది. దానికి కోపం తెచ్చుకోవాలో మురిసిపోవాలో కోడలికి తెలియలేదు. నాలుగు నెలలుగా ఆమె తల బద్దలు కొట్టుకుంటున్న లెక్క ఇదే. మనుషులు పెరుగుతున్నారు, రాబడి తరుగుతోంది. తన పనిలో లోపమేమో అని కుమిలిపోయింది. తీరా చూస్తే, పని ఎంత బాగా చేస్తే సొరుగు అంత ఖాళీ.

“అత్తయ్యా, ఇది నా బతుకుతెరువు. ఏళ్ల తరబడి చదివాను. ముందు రెండు గదులకీ విడిగా అద్దె కడుతున్నాం. ఏడవడానికే వాళ్లొస్తారు. ఏడ్చారని వదిలేస్తే ఇక నేను ఫీజు తీసుకునేది ఎవరి దగ్గర? నవ్వినవాళ్ల దగ్గరా?”

“కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చిన మనిషి ముందు చెయ్యి చాపమంటావా? ఆ చెయ్యెలా వస్తుంది?”

“మా ఆసుపత్రిలో తీసుకునేవాళ్లు కదా.”

“అందుకే కదూ ఆ ఆసుపత్రి వదిలేసి వచ్చావు!”

“ఫీజు తీసుకున్నారని కాదు వదిలేసింది!” కోడలి గొంతు లేచింది. “కనీసం నాకొక్క మాట చెప్పాలి కదా. అడగడం చేతకాకపోతే చేతకాదని...”

“నాకా చేతకానిది?” అత్తగారు అప్పుడు లేచి నిలబడింది. “అడగడం నీకు చేతకాకే కదా నన్నిక్కడ కూర్చోబెట్టావు?”

ఆ మాటకి పెరట్లో షెడ్డులో కొడుకు కొడుతున్న సుత్తి ఆగింది. ఒక్క క్షణం తర్వాత మళ్లీ మొదలైంది, కాస్త నెమ్మదిగా.

అది అక్షరాలా నిజం. మొట్టమొదటి రోజు వచ్చినావిడ గంటసేపు ఏడ్చి, లేచి, బ్యాగు తెరిస్తే, “పర్లేదు, తర్వాత చూద్దాం లెండి” అన్నది ఈ మహాతల్లే. రెండో మనిషితోనూ అదే మాట. మూడోనాటికి తన వల్ల కాదని తెలిసిపోయి అత్తగారిని బతిమాలి ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టింది. కూరగాయల బండివాడు ఆవిణ్ని దూరం నుంచి చూస్తే చాలు, పక్క వీధిలోకి తిప్పేస్తాడు. అంతటి మనిషి ఫీజు దగ్గర కాస్త కూడా తగ్గదనుకుంది. తాను మొహమాటపడ్డ పనిని ఆవిడ నెత్తిన పెట్టి, చేతులు దులుపుకుని లోపల కూర్చుంది.

అత్తగారు మెడలో తాడుకి కట్టుకున్న సొరుగు తాళంచెవి తీసి పుస్తకం మీద పెట్టింది.

“ఇదిగో. ఇవాళ్టి నుంచి నువ్వే అడుక్కో.”

తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. గట్టిగా వేసినా బాగుండేది. చాలా మెల్లిగా వేసింది.

* * *

అత్తగారి అలకలో ఏ లోటూ ఉండదు. వంట వేళకే అవుతుంది, కంచాలు వేళకే పెడుతుంది, కోడలికిష్టమని నిమ్మకాయ పిండి పక్కన పెడుతుంది కూడా. మాట మాత్రం కోడలితో ఉండదు. గోడ గడియారంతో ఉంటుంది.

“పన్నెండున్నరయింది. తినేవాళ్లు తినొచ్చు,” అని గడియారానికి చెప్పింది ఆ మధ్యాహ్నం.

కొడుకు సంగతి సరేసరి. సోఫాలూ కుర్చీలూ బాగుచేయడం అతని పని. రెగ్జిన్‌కి కొట్టే చిన్న మేకుల్ని గుప్పెడు నోట్లో పోసుకుని, ఒక్కొక్కటే పెదాల మధ్యనుంచి తీసి సుత్తితో కొడతాడు. అది వృత్తి అలవాటే గానీ, తల్లికీ పెళ్లానికీ మాటామాటా వచ్చిందంటే అతని నోట్లో మేకులు రెట్టింపవుతాయి. నోట్లో మేకులున్న మనిషిని “నువ్వు ఎవరి పక్షం?” అని ఎవరు మాత్రం అడుగుతారు!

భోజనాలయ్యాక కోడలు షెడ్డులోకి వెళ్లి అతని ముందు నిలబడింది.

“ఉమ్మేయండి.”

అతను బుద్ధిగా మేకులన్నీ అరచేతిలోకి తీసుకుని, డబ్బాలో వేశాడు.

“పెద్దాసుపత్రి వాళ్లకి శుక్రవారం లోపల చెప్పాలి,” అంది ఆమె. “పాత ఉద్యోగమే. జీతం పెంచుతారట. ఒకటో తారీఖు రాగానే బ్యాంకులో పడుతుంది. ఎవరినీ అడగక్కర్లేదు.”

“మనిషికి పన్నెండు నిమిషాలే కదా ఇప్పటికీ?”

“పన్నెండే.”

“మరి?”

ఆ పన్నెండు నిమిషాల సంగతి ఆమెకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పేరూ ఊరూ అయ్యేసరికి మూడు నిమిషాలు. అసలు మాట మొదలయ్యేసరికి తొమ్మిది. కళ్లలో నీళ్లు తిరిగే వేళకి బయట తరువాతి నంబరు పిలుస్తారు. రోజుకి ముప్పై మందిని అలా సగంలో లేపి పంపి, ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు.

“అక్కడున్నప్పుడు నువ్వెలా ఉండేదానివో నీకు గుర్తులేదు. నాకుంది,” అన్నాడు అతను. “ఇప్పుడు సాయంత్రం ఆ గదిలోంచి బయటికొస్తావు చూడు, అలిసిపోయే ఉంటావు, కానీ కూనిరాగం తీస్తుంటావు. రాగం బాగుంటుందని అనడం లేదు.”

ఆమెకి నవ్వొచ్చింది. నిజమే. ఖాళీ సొరుగు సంగతి పక్కనపెడితే ఈ నాలుగు నెలలంత హాయిగా ఆమె ఏనాడూ పని చేయలేదు. ఆ గది తనది. అందులో రెండు కుర్చీలు ఇతను స్వయంగా చేసినవి. తలుపూ అంతే. దూది కుక్కి, రెగ్జిన్ తొడిగి, వరసగా బొత్తాలు బిగించాడు. అది మూసేస్తే పెరట్లో సుత్తి మోగుతున్నా లోపలికి వినపడదు, లోపల గుండె పగిలేలా ఏడ్చినా ముందుగదిలోకి రాదు. వీధిలో వాళ్లు ఆమెను ‘మాటల డాక్టరమ్మ’ అంటారు. తాను డాక్టర్ని కాదు, మాట్లాడేదీ తాను కాదు అని చెప్పీ చెప్పీ విసిగి ఊరుకుంది.

“మనసు సరే, ఇల్లు గడవాలి కదండీ. అందులోనూ మన బస్సు డ్రైవరుగారు రెండు గురువారాల్నుంచీ రావడం లేదు.”

ఆయన రెండో నెల నుంచీ వస్తున్నాడు. గురువారం నాలుగింటికి. ఎందుకొస్తాడో ఇంట్లో ఎవరికీ తెలియదు, ఆమె చెప్పదు. ఇరవై ఏళ్లు ఒకే బండిలో కండక్టరుగా ఉన్న స్నేహితుడు పోయాక, వెనకనుంచి కొత్తవాడు గంట కొడితే ఆయన కాలు బండిని కదిలించలేకపోతోంది. మొదట్లో పొర్లి పొర్లి ఏడ్చాడు. తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయాడు. మూడు వారాలు రాయిలా కూర్చుని, వాతావరణం గురించీ రోడ్ల మీద గుంతల గురించీ మాట్లాడి వెళ్లాడు. ఆ తర్వాత అసలు రాలేదు. ఎక్కడ తప్పు చేశానా అని ఆమెకి ఒకటే దిగులు. పుస్తకం తిరగేస్తే ఆయన పేరు పక్కన ఏడు సున్నాలు, తర్వాత మూడుసార్లు ఫీజు.

“నీకో సంగతి చెప్పనా?” భర్త స్పాంజి ముక్క కోస్తూ అన్నాడు. “మూల ఇంటావిడ కుర్చీ లేదూ, చేతుల్లేని పాత కుర్చీ? పోయినేడు ఊరికే బాగుచేసి ఇచ్చాను, పాపం పెద్దావిడ కదా అని. ఆర్నెల్లు మన ఇంటి ముందునుంచి నడవలేదావిడ. చుట్టు తిరిగి వెళ్లేది. ఎందుకో తెలుసా? కుట్టు మళ్లీ ఊడిందట. ఊరికే చేయించుకున్నదాన్ని మళ్లీ ఎలా అడగను అని మొహం చెల్లక.”

ఆమె గబగబా లోపలికి వెళ్లి డ్రైవరుగారికి ఫోన్ చేసింది.

* * *

గురువారం నాలుగింటికి ఐదు నిమిషాల ముందే డ్రైవరు వచ్చాడు. డ్యూటీ చొక్కాలోనే ఉన్నాడు. బల్ల దగ్గర పెద్దావిడ బదులు కోడలే కూర్చుని ఉండటం చూసి గుమ్మంలోనే తటపటాయించాడు.

“పెద్దమ్మగారికి ఒంట్లో బాగాలేదా మేడమ్?”

“బాగానే ఉన్నారు. కూర్చోండి. లోపలికి వెళ్లేముందు ఒక మాట. ఫీజు గురించి.” ఆమె సొరుగు తాళం తీసింది. “ఇక్కడో పొరపాటు జరిగింది. అది మా వైపు పొరపాటే. ఏడ్చినా, ఏడవకపోయినా నా గంటకి ఒకటే ఫీజు. ఇకనుంచి కూర్చోకముందే తీసుకుంటాను. పాతవి మాఫీ.”

చెప్పేసింది. మిన్ను విరిగి మీద పడలేదు. ఆమెకే ఆశ్చర్యమేసింది.

సరిగ్గా అప్పుడే అత్తగారు కళ్లజోడు వెతుక్కునే మిషతో ముందుగదిలోకి వచ్చింది. కళ్లజోడు ఆవిడ నెత్తిమీదే ఉంది.

డ్రైవరు ఆవిణ్ని చూసి లేచి నిలబడ్డాడు.

“మీరూ ఉండండి పెద్దమ్మగారూ. ఇది లోపల చెప్పే మాట కాదు, ఫీజు మాటే.” టోపీ చేతుల్లో తిప్పుతూ నేల చూపులు చూశాడు. “మొదట్లో మీరు వద్దన్నప్పుడు మంచివాళ్లనుకున్నాను. రెండోసారీ, మూడోసారీ వద్దన్నారు. నాకేమో తలకొట్టేసినట్టు ఉండేది. నేను ముష్టికి వచ్చానా? ఉద్యోగం ఉంది, జీతం ఉంది. టికెట్టు లేకుండా ఎక్కినవాణ్ని నా బండిలో నేను ఒక్క స్టాపు పోనివ్వను.”

“నీ దగ్గర లేదని కాదు నాయనా...” అత్తగారు ఏదో అనబోయింది.

“తెలుసమ్మా. జాలిపడ్డారు. ఆ జాలే నేను మోయలేకపోయాను.” ఆయన టోపీ బల్ల మీద పెట్టాడు. “అందుకని ఒక ఉపాయం ఆలోచించాను. ఏడవకపోతే మీరు ఫీజు తీసుకుంటారు కదా? మూడు వారాలు బిగబట్టాను. బుగ్గ లోపల కొరుక్కుంటూ కూర్చున్నాను. గంట అవ్వగానే పొడి కళ్లతో బయటికొచ్చి, మీకు ఫీజిచ్చి, డిపోకి వెళ్లి, ఖాళీ బస్సులో చివరి సీట్లో కూర్చుని అక్కడ ఏడ్చాను. తర్వాత అనిపించింది, ఇక్కడ డబ్బులిచ్చి అక్కడ ఏడవడం ఏం తెలివి? అసలు రాకపోతే పోలా? అందుకే మానేశాను.”

కోడలు కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది. మూడు వారాలు తన ఎదురుగా కూర్చుని ఈ మనిషి బుగ్గ కొరుక్కున్నాడు. తాను గుంతల గురించి విన్నది!

అత్తగారి మొహం చూడాలి. రంగు పోయింది. మంచి చేస్తున్నాననుకున్న చేతిలోంచి ఎవరో ఆ మంచిని లాగి, తిరగేసి చూపించినట్టుంది ఆవిడకి. గడియారం వైపు కూడా చూడలేదు.

డ్రైవరు జేబులోంచి నోట్లు తీసి బల్ల మీద పెట్టాడు. కోడలు తీసుకునేలోపు, అత్తగారు ముందుకొచ్చి తన చేత్తో తీసుకుంది. తీసుకున్నంతసేపూ గోడవైపే చూసింది. సొరుగు తెరిచి అందులో వేసి, పుస్తకంలో పేరు రాసింది. పక్కన సున్నా చుట్టలేదు.

“లోపలికెళ్లు నాయనా,” అంది. ఆయన వెళ్లాక కోడలి వెనకాలే నడిచి తలుపు మూసింది.

ఆ గంటలో ఏం జరిగిందో తలుపుకి ఇవతల ఎవరికీ తెలియదు. ఐదింటికి ఆయన బయటికొచ్చేసరికి కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి, నడక మాత్రం తేలిగ్గా ఉంది. అత్తగారు గ్లాసుతో మంచినీళ్లు అందించింది.

“మళ్లీ గురువారం నాలుగింటికేనా?”

“నాలుగింటికే అమ్మా.”

రాత్రి భోజనాల దగ్గర గడియారానికి సెలవు దొరికింది. “అమ్మాయ్, ఇంకాస్త వడ్డించనా?” అని అత్తగారు నేరుగా అడిగింది. కొడుకు ఊపిరి పీల్చుకుని రెండోసారి పెట్టించుకున్నాడు.

కోడలు అక్కడే, కంచం ముందే, పద్ధతి చెప్పింది. ఫీజు కూర్చోకముందే. నిజంగా ఇచ్చుకోలేనివాళ్లకి వారానికి రెండు గంటలు తక్కువ ఫీజుకి. అదెవరికన్నది తాను మొదటిరోజే మాట్లాడి తేల్చుకుంటుంది, కళ్ల ఎరుపు చూసి కాదు.

“బాగుంది,” అంది అత్తగారు. అని ఊరుకుందా? “తక్కువంటే ఎంత తక్కువ? మరీ ఎక్కువ తగ్గించకు.”

కొడుకుకి పొలమారింది.

* * *

శుక్రవారం పొద్దున పది గంటలకి కోడలు పెద్దాసుపత్రికి ఫోన్ చేసి, రానని చెప్పేసింది. అవతల సూపరింటెండెంటు మళ్లీ ఆలోచించుకోమన్నాడు. ఆలోచించుకున్నానంది. ఫోన్ పెట్టేశాక ఒళ్లంతా తేలికైంది. అప్పటికే కొత్త పద్ధతి విన్న టీచరమ్మ ఫోన్ చేసి, ఫీజు ఉంటే తనకే మేలని, మొహమాటం లేకుండా ఏడవొచ్చని నవ్వుతూ చెప్పింది. స్కూల్లో ఇంకో ఇద్దరు వస్తామంటున్నారట. వారానికి పద్దెనిమిది మంది ఫీజిచ్చి వస్తే ఇల్లూ గడుస్తుంది, ముందు గదుల అద్దే కట్టుకోవచ్చు. ఈ వారం పుస్తకంలో పదిహేను పేర్లున్నాయి. ఫర్వాలేదు, నెగ్గుకొస్తాం అనుకుంది.

పదకొండు గంటల గడి దగ్గర ఆమె వేలు ఆగింది. అక్కడ పేరు లేదు. అత్తగారి చేత్తో చుట్టిన ఒక సున్నా మాత్రం ఉంది.

“అత్తయ్యా, పదకొండింటికి ఎవరు?”

జవాబు రాలేదు. కొత్తవాళ్లెవరో పేరు చెప్పడానికి మొహమాటపడి ఉంటారనుకుని ఆమె లోపలి గదిలో కూర్చుంది. పదకొండు కొట్టగానే అత్తగారు వచ్చింది. నలగని బట్టలు కట్టుకుంది, తల దువ్వుకుంది. వచ్చినవాళ్లు కూర్చునే కుర్చీలో, అంచున, కొత్తమనిషిలా కూర్చుని, మడిచిన నోట్లు మధ్యనున్న చిన్న బల్ల మీద పెట్టింది.

“కూర్చోకముందే పెట్టాలన్నావు. కూర్చున్నాక పెట్టాను. ఈ ఒక్కసారికి సర్దుకో.”

“ఆ కుర్చీలో మీరు కూర్చోకూడదు అత్తయ్యా.”

“ఏం? నా డబ్బు చెల్లదా?”

“చెల్లుతుంది. నేను చెల్లను.” కోడలు ముందుకి వంగింది. “నేను మీ కోడల్ని. రేపు పొద్దున కాఫీ దగ్గర మళ్లీ మనం పోట్లాడుకోవాలి. ఇంటివాళ్ల గోడు ఈ కుర్చీలో కూర్చుని వినకూడదు. మా పనిలో అది మొదటి నియమం.”

“మరి నేనెవరికి చెప్పుకోను?”

ఇన్నేళ్లలో అత్తగారు ఎవరినీ అలా అడగడం కోడలు వినలేదు.

“వంతెన అవతల నా స్నేహితురాలుంది. నాకంటే పదేళ్లు ముందునుంచీ చేస్తోంది. ఇప్పుడే ఫోన్ చేస్తాను.”

“ఫీజెంత?”

“నాకంటే ఎక్కువే.”

“బేరమాడొచ్చా?”

“కుదరదు.”

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. అత్తగారి నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

“వెళ్తాను. ఇచ్చే వెళ్తాను. కానీ పరాయి మనిషికి చెప్పేముందు నీకొక్క ముక్క తెలియాలి. కౌన్సెలరుగా వద్దులే. కోడలిగా విను.”

కోడలు తన కుర్చీలోంచి లేచి, అత్తగారి పక్కన కాళ్లపీట లాక్కుని కూర్చుంది.

“నీ మొగుడు నాకు మొదటివాడు కాదమ్మాయ్.” ఆవిడ బల్ల మీది నోట్లనే చూస్తోంది. “వాడికి ముందు ఒకడున్నాడు. జ్వరమొస్తే ఆసుపత్రిలో పెట్టాం. అప్పటికి నాకు ఇరవై కూడా నిండలేదు. పిల్లాడు పోయాడని చెప్పి, కిటికీ దగ్గర డబ్బు కట్టి తీసుకెళ్లమన్నారు. మీ మామగారు బండి కోసం వెళ్లారు. నేనే నిలబడ్డాను. చేతులు వణికి లెక్క తప్పింది. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టమన్నాడు ఆ కిటికీలో మనిషి. మళ్లీ తప్పింది. మళ్లీ అన్నాడు. మూడుసార్లు లెక్కపెట్టాను.”

కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది.

“అందుకే, ఏడ్చినవాళ్ల ముందుకి నా చెయ్యి రాదు. నిన్న ఆ డ్రైవరు దగ్గర తీసుకున్నప్పుడు గోడవైపు చూశాను, చూశావుగా? ఆ ఊరు వదిలి వచ్చేశాక మీ మామగారూ నేనూ ఎవరికీ చెప్పలేదు. వీడికీ చెప్పలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటుంటే వాడి జుట్టు నెరిసిపోయింది. వాడికి మాత్రం ఇప్పుడే...”

కోడలు తలెత్తింది. పెరట్లో సుత్తి చప్పుడు టకటకమని స్పష్టంగా వినిపిస్తోంది. ఈ గదిలోకి వినపడకూడదే?

తలుపు బార్లా తెరిచి ఉంది, ఇక్కడి మాటా షెడ్డు దాకా పోతుంది. వచ్చినవాళ్ల వెనకాల ఆ తలుపు మూసేది రోజూ అత్తగారే. ఇవాళ వచ్చిన మనిషి ఆవిడే కావడంతో మూసేవాళ్లు లేకపోయారు.

ఆమె లేచేలోపే సుత్తి ఆగిపోయింది. కాళ్ల చప్పుడు ముందుగది దాటి గుమ్మం దాకా వచ్చింది.

అతను నోటినిండా మేకులతో నిలబడ్డాడు. తల్లి వైపు చూస్తూ, వాటిని ఒక్కొక్కటే తీసి అరచేతిలో వేసుకున్నాడు. ఎవరూ తొందరపెట్టలేదు. చివరిదీ తీశాడు.

“వాడు నాకంటే ఎన్నేళ్లు పెద్దమ్మా?”